క్వాంగ్ త్రి: వియత్నాం యుద్ధంలో ఇన్ని పోరాటాలు ఆ ఒక్క ప్రావిన్సులోనే ఎందుకు జరిగాయి?

ప్రశ్న: పొలిటికల్ సైన్స్ లెక్చరర్, హనుమకొండ

డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు భారత విదేశాంగ విధానం చెబుతూ 1954 జెనీవా ఒప్పందం దగ్గరికి వచ్చాను. వియత్నాంను 17వ అక్షాంశం దగ్గర రెండుగా విడదీశారు. ఒప్పందం అమలును చూడటానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కు మన దేశం అధ్యక్షత వహించింది, కెనడా, పోలండ్ సభ్యులు. పుస్తకంలో ఉన్నది ఇంతే. ఒక అమ్మాయి లేచి "17వ అక్షాంశమే ఎందుకు మేడం? అక్కడ భూమి ఎట్లుంటది?" అని అడిగింది. రేపు చెబుతానన్నాను.

ఇంటికొచ్చి అట్లాస్ తీసి చూస్తే ఒక విషయం నన్ను పట్టేసింది. ఖే సాన్, కాన్ థియెన్, హియెన్ లువాంగ్ వంతెన, విన్ మోక్ సొరంగాలు, 1972లో నేలమట్టమైన కోట, అన్నీ క్వాంగ్ త్రి అనే ఒకే తీర ప్రావిన్సులో ఉన్నాయి. దాని విస్తీర్ణం సుమారు 4,700 చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న చోట ఇంత యుద్ధం ఎందుకు జరిగింది? గీత అక్కడ గీసినందుకా, లేక ఆ నేలలోనే ఏదైనా ఉందా? ఎవరి పక్షం న్యాయమైనది అన్న చర్చ ఇక్కడ వద్దు. నాకు ఆ నేల అర్థం కావాలి. భూగోళం చెప్పినవాళ్లు, అక్కడికి వెళ్లి చూసినవాళ్లు ఉంటే దయచేసి రాయండి.

జవాబు: రిటైర్డ్ భూగోళం టీచర్, పరకాల

మేడం, మీరు మొదట చేయాల్సిన పని, ఆ అక్షాంశాన్ని వేలితో పడమటికి జరుపుకుంటూ మన దాకా తీసుకురావడం. 17వ అక్షాంశం మన నల్గొండకు కాస్త దక్షిణంగా పోతుంది. అంటే ఎండ, వాన, ఉక్కపోత మన పిల్లలకు కొత్తగా చెప్పాల్సినవి కావు. కొత్తది అక్కడి భూమి ఆకారం.

వియత్నాం నడుము అక్కడ చాలా సన్నం. పడమట త్రూంగ్ సాన్ పర్వతాలు, వాటి అవతల లావోస్. తూర్పున సముద్రం. క్వాంగ్ త్రిలో ఈ రెంటి మధ్య దూరం అరవై, డెబ్బై కిలోమీటర్లు, హనుమకొండలో బస్సెక్కి కరీంనగర్‌లో దిగినంత. ఆ కాస్త దూరంలోనే నేల నాలుగు రకాలుగా మారిపోతుంది. లావోస్ వైపు దట్టమైన అడవి కొండలు. తర్వాత ఎర్రమట్టి గుట్టలు, పాత అగ్నిపర్వతాల బసాల్టు రాయి చివికి తయారైన మట్టి. తర్వాత సన్నని వరి మైదానం. చివర సముద్రం ఒడ్డున తెల్లటి ఇసుక దిబ్బలు. నదులన్నీ పొట్టివి, కొండల్లో పుట్టి తూర్పుకు పరుగెత్తి సముద్రంలో కలుస్తాయి. ఉత్తరాన బెన్ హై, మధ్యలో డోంగ్ హా మీదుగా పోయే నది, దక్షిణాన థాచ్ హాన్.

ఇప్పుడు మీ విద్యార్థిని ప్రశ్నకు వస్తాను. ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే దేశంలో పడమటి నుంచి తూర్పుకు ప్రవహించే ప్రతి నదీ గీత గీయడానికి పనికొస్తుంది. మరి ఈ నదే ఎందుకంటే, జెనీవాలో బేరం జరిగింది. ఫ్రెంచి పాలన మీద పోరాడిన వియత్ మిన్ వాళ్లు మొదట 13వ అక్షాంశం అడిగారు, తర్వాత 16కు వచ్చారు. ఫ్రాన్స్ 18 దగ్గర పట్టుపట్టింది. 16 దగ్గర గీస్తే పాత రాజధాని హ్యూ, డా నాంగ్ రేవుకు పైనున్న తీరం, అన్నిటికన్నా ముఖ్యంగా 9వ నంబరు రోడ్డు ఉత్తరానికి పోతాయి. ఫ్రాన్స్ దానికి ఒప్పుకోలేదు. చివరికి 17 దగ్గర కుదిరింది. నేల మీద గీత సరిగ్గా అక్షాంశం వెంబడి లేదు, సముద్రం నుంచి చాలా దూరం బెన్ హై నది వెంబడే ఉంది. దానికి అటు ఐదు, ఇటు ఐదు కిలోమీటర్లకు మించకుండా సైన్యం ఉండకూడని మండలం పెట్టారు. అలా క్వాంగ్ త్రి ప్రావిన్సే రెండు ముక్కలైంది. నదికి ఉత్తరాన ఉన్న విన్ లిన్ జిల్లా అటు వైపు, మిగతాదంతా ఇటు వైపు.

ఆ 9వ నంబరు రోడ్డు గురించి నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మొత్తం కథ దాని మీదే నడిచింది. తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా 1వ నంబరు హైవే, రైలు మార్గం ఉన్నాయి. వాటికి అడ్డంగా డోంగ్ హా పట్టణం నుంచి పడమటికి బయలుదేరి కామ్ లో, ఖే సాన్, లావ్ బావ్ మీదుగా లావోస్‌లోకి పోయేది 9వ నంబరు రోడ్డు. దాదాపు 80 కిలోమీటర్లు పోతే సరిహద్దు వస్తుంది, అక్కడి నుంచి చెపోన్ దాటి మెకాంగ్ ఒడ్డున సావన్నాఖేత్ చేరుతుంది. ఆ పర్వతాలను బండ్లతో సులువుగా దాటగల దారులు ఆ ప్రాంతంలో చాలా తక్కువ, అందులో ఇది ముఖ్యమైనది. 1959లో ఉత్తర వియత్నాం దక్షిణానికి మనుషులను, ఆయుధాలను రహస్యంగా పంపే బాట మొదలుపెట్టింది. ప్రపంచం దాన్ని హో చి మిన్ ట్రయల్ అంటుంది. తీరం మీద గీతను దాటలేరు కాబట్టి కొండల్లోంచి రావాలి. కొండల్లోంచి వస్తే ఈ రోడ్డును ఎక్కడో ఒకచోట అడ్డంగా దాటాలి. మొదట్లో క్వాంగ్ త్రి పడమటి కొండల్లోనే దాటేవారు, తర్వాత బాటను లావోస్ లోపలికి జరిపారు. ఆ దాటే చోటును ఎవరు చూస్తుంటే వాళ్లది పైచేయి.

అందుకే ఖే సాన్. సుమారు 450 మీటర్ల ఎత్తున ఒక ఎర్రమట్టి పీఠభూమి, దాని మీద విమానాలు దిగే చిన్న స్ట్రిప్, చుట్టూ ఇంకా ఎత్తైన గుట్టలు. అమెరికన్ మెరైన్లు దాన్ని స్థావరం చేసుకున్నారు. 1968 జనవరి 21న ముట్టడి మొదలై 77 రోజులు నడిచింది. లోపల సుమారు ఆరు వేల మంది. రోడ్డు తెగిపోయింది, అన్నం, నీళ్లు, మందుగుండు అన్నీ విమానంలోనే రావాలి. మేడం, ఇక్కడ వాతావరణం తప్పకుండా చెప్పండి. జనవరి నుంచి మార్చి దాకా ఆ కొండల మీద పొగమంచుతో కూడిన సన్నటి ముసురు వదలదు, పైలట్‌కు స్ట్రిప్ కనబడదు. అధ్యక్షుడు జాన్సన్ వైట్‌హౌస్‌లో ఆ పీఠభూమి నమూనా చేయించి పెట్టుకున్నాడు. ఒక గుట్టల గుంపు ఆకారాన్ని దేశాధ్యక్షుడు రాత్రింబగళ్లు చూడాల్సి వచ్చిందంటే భూగోళం ఎంత బలమైనదో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. ఏప్రిల్‌లో రోడ్డు తెరుచుకుంటూ వచ్చి ముట్టడి తొలగించారు, జూలైలో ఆ స్థావరాన్ని వాళ్లే విప్పేసి వెళ్లిపోయారు.

మళ్లీ 1971 ఫిబ్రవరిలో దక్షిణ వియత్నాం సైన్యం ఇదే రోడ్డు వెంట లావోస్‌లోకి చెపోన్ దాకా పోవాలని బయలుదేరింది. ఒకటే రోడ్డు, రెండు పక్కలా కొండలు, పైన మొగులు. భారీ నష్టంతో వెనక్కి వచ్చారు.

తీరం వైపు కథ వేరు. అక్కడ దాక్కోవడానికి అడవి లేదు. మైదానంలో కాస్త ఎత్తు దొరికినా అది బంగారమే. కాన్ థియెన్ 158 మీటర్ల గుట్ట, అంతే. కానీ దాని మీది నుంచి ఉత్తరాన బెన్ హై వైపు, తూర్పున సముద్రం వైపు, దక్షిణాన డోంగ్ హా వైపు అంతా కనబడుతుంది. అవతలి వాళ్ల పెద్ద ఫిరంగులు నదికి ఉత్తరాన ఉండి దాన్ని అందుకోగలవు. 1967 అంతా ఆ గుట్ట మీద ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి. అదే ఏడాది రక్షణ మంత్రి మెక్‌నమారా పేరుతో ముళ్లకంచె, మందుపాతరలు, శబ్దం పసిగట్టే సెన్సర్లతో ఒక అడ్డుకట్ట కట్టే పని మొదలుపెట్టారు. అనుకున్నట్టు పూర్తి కాలేదు.

జవాబు: చరిత్ర, పీజీ విద్యార్థి, హనుమకొండ

సార్, మీరు రాసింది చదువుతుంటే యుద్ధాన్ని కొండలూ నదులే తెచ్చాయేమో అనిపిస్తోంది. నేను ఒప్పుకోను. జెనీవా ఒప్పందం ప్రకారం ఆ గీత తాత్కాలికం. అది రాజకీయ సరిహద్దు కాదని పత్రంలోనే రాశారు. 1956 జూలైలో దేశమంతా ఎన్నికలు జరగాలి, జరగలేదు. జరిగి ఉంటే బెన్ హై పేరు మనకెవరికీ తెలిసేది కాదు. మేడం అడిగిన దానికి ముందు ఈ మాట చెప్పాలి. కుటుంబాలు నదికి అటూ ఇటూ ఉండిపోయాయి. రెండేళ్ల ముచ్చటే కదా అని విడిపోయినవాళ్లు ఇరవై ఏళ్లు కలవలేదు.

బెన్ హై మీది హియెన్ లువాంగ్ వంతెన చూడండి. సగం ఒక రంగు, సగం ఇంకో రంగు వేసుకున్నారు. రెండు ఒడ్డుల మీదా జెండా స్తంభాలు పోటీపడి ఎత్తు పెంచుకున్నారు, లౌడ్‌స్పీకర్లు పెట్టి ఒకరికొకరు వినిపించుకున్నారు. 1967లో బాంబులకు ఆ వంతెన కూలింది. నది వెడల్పు చూస్తే ఏమంత పెద్దది కాదు. విడదీసింది నది కాదు, సార్.

జవాబు: రిటైర్డ్ భూగోళం టీచర్, పరకాల

తమ్మీ, ఎన్నికల మాట నువ్వు చెప్పింది నిజం, మేడం దాన్ని ముందే చెప్పాలి. యుద్ధం ఎందుకు వచ్చిందో నేను రాయలేదు. వచ్చిన యుద్ధం ఎక్కడ నిలబడిందో, ఎందుకు అక్కడే నిలబడిందో రాశాను. ఇదే గీత 13 దగ్గర గీసి ఉంటే ఖే సాన్‌లో కాఫీ తోటలు, వాన్ కియెవు గిరిజనుల పల్లెలు తప్ప ప్రపంచం గుర్తుపెట్టుకునేది ఏమీ ఉండేది కాదు.

1972 గురించి నేను రాయలేదు, ఇప్పుడు రాస్తాను. మార్చి 30న ఉత్తర సైన్యం ట్యాంకులతో, ఫిరంగులతో బెన్ హై దాటి, పడమటి నుంచి 9వ నంబరు రోడ్డు మీదుగా ఒకేసారి వచ్చింది. తేదీ చూడండి, ముసురు ఇంకా పోలేదు, విమానాలు సరిగ్గా ఎగరలేకపోయాయి. మే 1న క్వాంగ్ త్రి పట్టణం వాళ్ల చేతికి వచ్చింది. 1వ నంబరు హైవే మీద దక్షిణానికి, హ్యూ వైపు పారిపోతున్న సైనికులు, మామూలు జనం ఫిరంగి గుండ్ల కింద చనిపోయారు. ఒక పక్క ఇసుక దిబ్బలు, ఇంకో పక్క గుట్టలు, మధ్యలో ఒకటే రోడ్డు. తర్వాత వేసవిలో దక్షిణ సైన్యం తిరిగి వచ్చింది. పట్టణం మధ్యలో న్గుయెన్ రాజుల కాలంలో 19వ శతాబ్దంలో కట్టిన ఇటుక కోట ఉంది. దాని కోసం 81 రోజుల పోరాటం జరిగింది, సెప్టెంబర్ 16న ముగిసింది. కోటలో ఉన్న ఉత్తర సైనికులకు తిండి, మందుగుండు, కొత్త మనుషులు థాచ్ హాన్ నది దాటే రావాలి. పైన విమానాలు ఉండగా రాత్రిపూట ఈదుతూ దాటినవాళ్లలో ఎందరో ఆ నీళ్లలోనే పోయారు, చాలామంది కాలేజీ వయసు పిల్లలు. ఆ పట్టణంలో నిలిచి ఉన్న ఇల్లంటూ దాదాపు మిగల్లేదు. 1989లో ప్రావిన్సు మళ్లీ విడిగా ఏర్పడినప్పుడు రాజధాని డోంగ్ హా అయింది.

నేను పిల్లలకు చెప్పేటప్పుడు ఈ అంకెలు వేగంగా దాటిపోయేవాణ్ణి కాదు, ఆగి చెప్పేవాణ్ణి. మీరూ ఆగండి.

జవాబు: రిటైర్డ్ షాట్‌ఫైరర్, గోదావరిఖని

మేడం, నమస్తే. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, బొగ్గు బాయిల మందు పేల్చే పని చేసినోణ్ణి. మా అబ్బాయి కుటుంబంతో డా నాంగ్ పోయినప్పుడు అక్కడి నుంచి కారులో విన్ మోక్ తీసుకుపోయాడు. మిగతావాళ్లు బీచ్ చూస్తుంటే నేను సొరంగంలోనే ఉండిపోయాను. సార్ ఎర్రమట్టి గురించి రాశారు కాబట్టి నేను చూసింది చెబుతాను.

విన్ మోక్ బెన్ హైకి ఉత్తరాన సముద్రం ఒడ్డున చిన్న పల్లె. పైన బాంబులు పడుతుంటే ఊరోళ్లు 1965 తర్వాత తవ్వుకుంటూ భూమి లోపలికి పోయారు. మూడు అంతస్తులు. పైది సుమారు 12 మీటర్ల లోతు, కుటుంబాలు ఉండేవి. అన్నిటికన్నా కిందిది 20 మీటర్లు దాటి ఉంటుంది. నేను మొదట చూసింది రూఫ్. ఎక్కడా దుంగల సపోర్ట్ కనబడదు. మా దగ్గర అట్లా వదిలేస్తే ప్రాణాలు పోతాయి. కానీ ఆ మట్టి వేరు. తవ్వేటప్పుడు పార దిగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. దారి సన్నగా, పైకప్పు కమాను లెక్క తీశారు, అందుకే బరువు పక్కలకు పోతుంది. పక్క గోడల్లో చిన్న చిన్న అరలు తొలిచి ఒక్కో అరలో ఒక్కో కుటుంబం. లోపలే బావి, వంట చేసే చోటు, మీటింగ్ హాలు, కాన్పుల గది. అక్కడ 17 మంది పిల్లలు పుట్టారు.

నేను ఎక్కువ సేపు ఆలోచించింది గాలి గురించి. అంతమంది మనుషులు, దీపాలు, వంట పొగ. మొత్తం 13 ద్వారాలు పెట్టారు, ఏడు సముద్రం వైపు, మిగతావి గుట్ట మీదికి. సముద్రం గాలి కింది ద్వారంలోంచి దూరి మీదికి పోతుంది. ఫ్యాన్ లేకుండా వెంటిలేషన్ నడిపారు. సముద్రం వైపు ద్వారాల నుంచి రాత్రిపూట పడవలు ఎక్కి కాన్ కో దీవికి సామాన్లు చేరవేసేవారట. అది ఒడ్డు నుంచి 30 కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరంలో ఉంటుంది. ప్రాణాలకు తెగించిన పని.

ఇంకో మాట. పేలని బాంబుల గురించి ఎవరూ రాయలేదు. మా పనిలో మిస్‌ఫైర్ అంటే అందరికీ భయం. పేలాల్సిన మందు పేలకపోతే దాని దగ్గరికి ఎవరూ పోకూడదు, దానికి ఒక పద్ధతి ఉంది, టైం ఉంది, రాసి పెట్టుకునే పుస్తకం ఉంది. క్వాంగ్ త్రిలో ఊళ్లకు ఊళ్లు మిస్‌ఫైర్ మీద బతుకుతున్నాయి, ఏది ఎక్కడుందో రాసిన పుస్తకం లేదు. ప్రావిన్సు భూమిలో 80 శాతానికి పైగా ఏదో ఒక రకంగా పేలని మందుగుండు ఉందని అంటారు. క్లస్టర్ బాంబు ఒకటి విచ్చుకుంటే బంతి అంతటి చిన్న బాంబులు వందలు రాలుతాయి. మెత్తటి వరి మడిలో, ఇసుకలో, చెట్ల కొమ్మల్లో పడితే తగిలే దెబ్బ చాలదు, లోపలి ఫ్యూజు పనిచేయదు. యాభై ఏళ్ల తర్వాత పార తగిలినప్పుడు పనిచేస్తుంది. 1975 తర్వాత, యుద్ధం అయిపోయాక, అక్కడ చనిపోయినవాళ్లు, కాళ్లు చేతులు పోయినవాళ్లు కలిపి ఎనిమిది వేలు దాటారు. ఇనుము అమ్ముకుందామని పోయినవాళ్లు, పశువులు కాసే పిల్లలు, పొలం దున్నేవాళ్లు. మ్యాగ్, రెన్యూ అనే సంస్థలు ఊరూరా వెతికి తీస్తున్నాయి, రెన్యూ 2001 నుంచి పనిచేస్తోంది. వాళ్ల టీముల్లో ఆ ఊళ్ల ఆడపిల్లలు కూడా డిటెక్టర్లు పట్టుకుని వరసగా నడుస్తారు. మేడం, మీ క్లాసులో యుద్ధం 1975లో అయిపోయిందని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయకండి.

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జమ్మికుంట (ఇప్పుడు డా నాంగ్‌లో)

అక్కా, పాత మ్యాప్, కొత్త మ్యాప్ కలిపి గందరగోళం కాకుండా ఒక విషయం. 2025 జూలై 1 నుంచి క్వాంగ్ త్రిని ఉత్తరాన ఉన్న క్వాంగ్ బిన్‌తో కలిపేశారు. పేరు క్వాంగ్ త్రి అనే ఉంచారు, కానీ పాలనా కేంద్రం డోంగ్ హోయ్. కాబట్టి ఇంటర్నెట్‌లో కొత్త విస్తీర్ణం 12,000 చదరపు కిలోమీటర్లు దాటి కనిపిస్తుంది. మీరు చెప్పే కాలానికి పాత ప్రావిన్సే తీసుకోండి.

ఇప్పుడు 9వ నంబరు రోడ్డు మీద లావ్ బావ్ సరిహద్దు వైపు లారీలు బారులు తీరి ఉంటాయి. ఖే సాన్ చుట్టుపక్కల కొండల మీద కాఫీ, దాని పైన గాలిమరలు. కొండలు దిగే గాలి వేసవిలో భయంకరంగా ఉంటుంది. లావోస్ వైపు వాన కురిపించేసి, ఇటు దిగేటప్పుడు వేడెక్కి పొడిగా వస్తుంది. మే, జూన్‌లో డోంగ్ హాలో మధ్యాహ్నం బయట నడిస్తే మన రామగుండం ఎండలే గుర్తొస్తాయి. మళ్లీ అక్టోబర్, నవంబర్‌లో తుపాన్లు, వరదలు. ఈ నేల మీద బతకడమే కష్టం, దాని మీద యుద్ధం కూడా.

త్రూంగ్ సాన్ శ్మశానవాటికకు వెళ్లాను. ట్రయల్ మీద చనిపోయినవాళ్ల సమాధులు పది వేలకు పైగా, ప్రావిన్సుల వారీగా వరసలు. కొన్ని రాళ్ల మీద పేరు లేదు. దక్షిణ సైన్యంలో చనిపోయినవాళ్లకు ఇలాంటి చోటు అక్కడ నాకు కనబడలేదు, వాళ్లూ ఆ మట్టిలోనే ఉన్నారు. క్లాసులో ఇది కూడా చెప్పండి అక్కా.

ప్రశ్న అడిగినవారు: లెక్చరర్, హనుమకొండ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. షాట్‌ఫైరర్ గారూ, మీరు రాసిన గాలి ద్వారాల సంగతి నాకు ఏ పుస్తకంలోనూ ఇలా అర్థం కాలేదు. ఒక్క సందేహం మిగిలింది. మన దేశం అధ్యక్షతన ఉన్న కమిషన్ అక్కడ ఏం చేయగలిగింది? పిల్లలు తప్పకుండా అడుగుతారు.

జవాబు: రిటైర్డ్ భూగోళం టీచర్, పరకాల

చూడటం, రాయడం. అంతవరకే అధికారం. ఒప్పందంలోనే తనిఖీ బృందాలు ఉండాల్సిన ఊళ్ల పేర్లు రాశారు, గీతకు ఉత్తరాన దగ్గరలో డోంగ్ హోయ్, దక్షిణాన డా నాంగ్ ఉన్నాయి, అప్పట్లో దాన్ని టూరాన్ అనేవారు. మన అధికారులు, సైనికులు ఆ బృందాల్లో పనిచేశారు. మొదటి 300 రోజుల్లో జనం అటూ ఇటూ మారడానికి ఇచ్చిన గడువును పర్యవేక్షించడంలో కమిషన్ నిజంగా ఉపయోగపడింది. తర్వాత రెండు పక్షాలూ సహకరించలేదు. తనిఖీకి దారి ఇవ్వకపోతే బలవంతంగా వెళ్లే శక్తి కమిషన్‌కు లేదు. రేవులో కూర్చున్న బృందానికి అడవిలో నడిచే బాట ఎలా కనబడుతుంది? 1962 జూన్‌లో ఇచ్చిన ప్రత్యేక నివేదికలో మన దేశం, కెనడా కలిసి రెండు పక్షాలనూ తప్పుపట్టాయి. దక్షిణంలో పోరాటానికి ఉత్తరం మనుషులను, ఆయుధాలను పంపుతోందని, దక్షిణం ఒప్పందానికి విరుద్ధంగా అమెరికా సైనిక సహాయం తీసుకుంటోందని రాశాయి. పోలండ్ విభేదించింది. ఆ నివేదికను పిల్లలకు ఇచ్చి చదివించండి. అలీనం అంటే ఎవరినీ ఏమీ అనకపోవడం అనుకునేవాళ్లకు అది మంచి పాఠం.

బోర్డు మీద మ్యాప్ వేసేటప్పుడు ముందు అక్షాంశం గీయకండి. ముందు కొండలు, తర్వాత నదులు, తర్వాత రెండు రోడ్లు వేయండి. ఆ నాలుగూ వేశాక గీత ఎక్కడ పడుతుందో పిల్లలనే అడగండి. ఆ తర్వాత జెనీవా గురించి చెప్పండి.